సొట్ట కూడా ఫోటోలో పడాలి

పెళ్ళి సంబంధాలకి పంపే ఫోటోకీ, అమ్మకానికి పెట్టిన పాత కారు ఫోటోకీ పెద్ద తేడా ఉండదు. రెండూ బాగా కనపడే పక్కనుంచే తీస్తారు. రెండిట్లోనూ వెలుతురు కాస్త ఎక్కువే పడుతుంది. రెండిట్నీ నమ్మి బయల్దేరినవాడికి అక్కడికెళ్ళాక "ఫోటోలో ఇలా లేదే!" అనిపిస్తుంది. కాకపోతే సంబంధం చూడబోతే కనీసం ఉప్మా, కాఫీ అయినా ఇస్తారు. కారు చూడబోతే అదీ ఉండదు :)

సరదాకి అన్నాను గానీ, ఇందులో ఆలోచించాల్సిన విషయం ఉంది. ఈ మధ్య కాలంలో పాత కారు కొనేవాడిగా ఓసారి, అమ్మేవాడిగా ఓసారి ఈ ఫోటోల వ్యవహారంలో తలదూర్చాల్సి వచ్చింది. కొనేటప్పుడు నేర్చుకున్నది అమ్మేటప్పుడు బాగా పనికొచ్చింది. కారు ఫోటోలు ఎలా తియ్యాలి అని వెతికితే అందరూ "కారు కడగండి, మంచి బ్యాక్‌గ్రౌండ్ చూసుకోండి" అని మొదలెడతారు. అవీ కావలసినవే. అసలు ఆ ఫోటో ఎందుకు తీస్తున్నాం అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు. నా మటుకు నా జవాబు ఇదీ: ముక్కూ మొహం తెలియని ఒక మనిషి, ఆదివారం పాడుచేసుకుని, ఛార్జీలు పెట్టుకుని వచ్చి చూస్తే ఏం కనపడుతుందో, అది అతనికి ఇంట్లో కూర్చునే కనపడేలా చెయ్యడానికి. అంతే. వెలుతురు, యాంగిల్, లెన్సు అన్నీ దాని తరవాతే.

ముందు కొనేవాడి వైపు నుంచి చెప్తాను.

వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అని మా కంపెనీలో రూలు పెట్టాక, హైదరాబాద్ వానల్లో బండి మీద తిరగలేక ఓ చిన్న పాత కారు కొందామనుకున్నాను. మూడు శనివారాలు తిరిగాను. ఒకటి కూకట్‌పల్లిలో, ఒకటి వనస్థలిపురంలో, మూడోది సంగారెడ్డిలో. ఆ సంగారెడ్డి కారుకి 14 ఫోటోలు పెట్టారు. వెండి రంగు, తళతళా మెరిసిపోతోంది. మనం వెళ్ళేలోపు ఎవరో ఎగరేసుకుపోతారేమో అన్నంత కంగారుగా వెళ్ళాను. తీరా చూస్తే ఆ 14 ఫోటోలూ కారు కుడి పక్కవే! ఎడమ పక్క రెండు డోర్లకీ టింకరింగ్ చేసి, మళ్ళీ పెయింట్ కొట్టారు. ఆ వెండి రంగు వేరు, మిగతా కారు వెండి రంగు వేరు. ఎండలో నిలబెడితే రెండు కార్లు అతికించినట్టుంది. "అడిగితే చెప్పేవాణ్ణి కదండీ" అన్నాడాయన. నిజమే, ఆయన అబద్ధం ఒక్కటీ ఆడలేదు. మన భాషలో చెప్పాలంటే 14 టెస్ట్ కేసులు రాశాడు, పాసయ్యేవి మాత్రమే రాశాడు.

అప్పట్నుంచీ ఏ కారు ఫోటోలు చూసినా, వాటిలో ఏముందో కన్నా ఏం లేదో చూడటం అలవాటైంది. ఎడమ పక్క లేదా? అటువైపు ఏదో కథ ఉంది. డిక్కీలో స్టెప్నీ కింద గుంట చూపించలేదా? నీళ్ళు నిలిచి తుప్పు పట్టి ఉండొచ్చు. రీడింగ్ ఫోటో లేదా? సరే, అడగక్కర్లేదు. ఈ అనుమానాలన్నీ నిజం కానక్కర్లేదు. అమ్మేవాడు బద్ధకించి తియ్యకపోయి ఉండొచ్చు. కానీ బద్ధకానికీ మోసానికీ తేడా ఫోటోలో తెలీదు కదా.

దీని మీద అర్థశాస్త్రంలో చాలా ప్రసిద్ధమైన పేపరే ఉంది. జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆయన 1970లో రాశాడు. ఉదాహరణకి ఆయన తీసుకున్నది అచ్చంగా పాత కార్ల బజారునే. పైకి బాగానే ఉండి లోపల పుచ్చిపోయిన కారుని అమెరికాలో 'లెమన్' అంటారు. మూడు పత్రికలు వద్దని తిప్పి పంపేశాక నాలుగో పత్రిక ఆ పేపర్ వేసుకుంది. 2001లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాదన మనకి తెలిసిన సంగతే. కారు గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. కాబట్టి కొనేవాడు ప్రతి కారులోనూ ఏదో లోపం ఉండే ఉంటుందనుకుని ధర తగ్గించి అడుగుతాడు. నిజంగా మంచి కారున్నవాడికి ఆ ధర గిట్టదు, అమ్మడం మానుకుంటాడు. బజారులో నాసివి మిగుల్తాయి. అది చూసి కొనేవాడు ఇంకా తగ్గిస్తాడు. అలా అలా బజారే పాడైపోతుంది.

ఇందులో నాకు నచ్చిన పాయింటు ఏంటంటే, మనం దాచినా దాచకపోయినా దాచేవాళ్ళందరి ఖర్చూ మన కారు ధరలో ముందే కోసేసి ఉంటుంది. ఆ కోతలోంచి బయటపడాలంటే అవతలివాడికి తెలియనిది తెలియజెయ్యడం ఒక్కటే దారి. గ్రెగరీ లూయిస్ అనే ఇంకో ఆర్థికవేత్త ఈబే మోటర్స్‌లో అమ్ముడైన పాత కార్లని పరిశీలించి 2011లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఓ పేపర్ రాశాడు. అమ్మేవాళ్ళు పెట్టిన ఫోటోలకీ, రాతకీ, కారుకి పలికిన ధరకీ గట్టి సంబంధం ఉందని తేల్చాడు. ఫోటో అంటే అలంకారం కాదు, అవతలివాడి చేతికిచ్చే సమాచారం. ఇంజినీర్లం కాబట్టి ఇంత చుట్టు తిరిగి వచ్చాం గానీ, మా అమ్మ కూరగాయల బండి దగ్గర వంకాయని తిరగేసి చూడనివ్వకపోతే బుట్టలో పడేసి వచ్చేస్తుంది. ఆవిడ ఏ పేపరూ చదవలేదు.

ఇక అమ్మేవాడి సంగతి.

మా నాన్న తెనాలిలో ఉంటారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. 2013లో, నేను ఇంటర్లో ఉండగా, తెల్ల వ్యాగన్ ఆర్ కొన్నారు. మా ఇంట్లో మొదటి కారు, ఆయనకి బహుశా ఆఖరిది కూడా. 2023 దసరాకి రివర్సు చేస్తుంటే వెనకాల ఎడమ డోరు గేటు స్తంభానికి తగిలి సొట్ట పడింది. "స్తంభం మరీ ముందుకి కట్టి చచ్చాడు మేస్త్రి" అన్నారు. ఆ మేస్త్రి ఆ స్తంభం కట్టి ఇరవయ్యేళ్ళు పైనే అయింది. ఆ తరవాత రెణ్ణెల్లకి కంటి డాక్టరు గ్లకోమా అని చెప్పారు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది గానీ పక్క చూపు మెల్లగా తగ్గిపోతూ వస్తుంది, పోయింది తిరిగి రాదు. డ్రైవింగ్ మానెయ్యమన్నారు. నాన్న ఇంకో ఏడాది పాటు కారుని అమ్మకుండా, నడపకుండా, రోజూ పొద్దున్నే తుడుస్తూ గడిపారు. పోయినేడు సంక్రాంతికి మేం అందరం వెళ్ళినప్పుడు ఆయనే అన్నారు, "ఇంక తీసేద్దాంరా" అని.

ఊళ్ళో కార్లు కొని అమ్మే ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి 1,90,000 అన్నాడు. మా బావ (అక్క మొగుడు) అదేం లేదు, ఆన్‌లైన్లో పెడదాం అన్నాడు. ఫోటోల పని నాకు పడింది.

ముందు చోటు. మా ఇంటి ముందు తీస్తే వెనకాల బట్టల తీగ, గ్యాస్ సిలిండరు, పక్కింటివాళ్ళ బైకులు అన్నీ పడతాయి. చూసేవాడి కన్ను కారు మీద నిలవదు. ఊరి బయట కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళాం. పొద్దున్న ఏడింటికి. పదకొండు దాటిన ఎండలో తెల్ల కారు తీస్తే పైభాగం అంతా సున్నం కొట్టినట్టు తెల్లబోయి, కింద భాగం నల్లటి నీడలో కలిసిపోతుంది. పొద్దున్న ఏటవాలు ఎండలో, లేదా మబ్బు పట్టినప్పుడు, డోర్ల మధ్య సందులూ, బానెట్ అంచులూ స్పష్టంగా పడతాయి. సూర్యుడు మన వెనక కాస్త పక్కకి ఉండాలి. సరిగ్గా వెనకే ఉంటే మన నీడ కారు మీద పడుతుంది. తెల్ల కారుకి ఇంకో తలనొప్పి ఉంది. ఫోన్ కెమెరా దాన్ని ఒక్కోసారి బూడిద రంగుకి దించేస్తుంది, ఒక్కోసారి వివరాలు పోయేంతగా వెలిగించేస్తుంది. స్క్రీన్ మీద కారుని తాకి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని పైకో కిందకో జరిపి సరిచేసుకోవాలి.

తరవాత దూరం. ఇది చాలామంది పట్టించుకోరు. ఫోన్ మెయిన్ కెమెరా వైడ్ లెన్సు. దగ్గరికెళ్ళి తీస్తే బంపర్ ఉబ్బి, వెనక భాగం కుచించుకుపోయి, కారు బొమ్మకారులా కనపడుతుంది. నిజానికి ఆ వంకర లెన్సు వల్ల కాదు, దూరం వల్ల వస్తుంది. అయిదారు మీటర్లు వెనక్కి వెళ్ళి 2 ఎక్స్ జూమ్ పెట్టి తీస్తే కారు కంటికి కనపడ్డట్టే పడుతుంది. నిలబడి తియ్యకుండా, మోకాళ్ళ మీద కూర్చుని హెడ్‌లైట్ ఎత్తులో ఫోన్ పట్టుకోవాలి. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోవద్దు. వెనక మసక చెయ్యబోయి సైడు అద్దాలనీ, యాంటెన్నానీ కూడా మింగేస్తుంది. నాలుగు మూలల నుంచి నాలుగు, నాలుగు పక్కల నుంచి తిన్నగా నాలుగు, మొత్తం ఎనిమిది. అన్నీ ఒకే దూరం, ఒకే ఎత్తు. నాలుగు పక్కలా ఉన్నాయంటే నాలుగు పక్కలా చూసుకోవచ్చన్నమాట. సంగారెడ్డి నేర్పిన పాఠం ఇది.

అద్దాల్లో ఆకాశం ప్రతిఫలించి లోపల ఏమీ కనపడకపోతే ఓ చిట్కా. పోలరైజ్డ్ చలవ కళ్ళజోడు ఉంటే, దాని అద్దాన్ని ఫోన్ లెన్సు ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఓ కోణంలో ఆ మెరుపు చాలావరకు తగ్గిపోతుంది. ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో బ్రూస్టర్ కోణం అని బట్టీ పట్టాం కదా, అదే. నాలుగేళ్ళ చదువులో చేతికందిన కొద్ది ఉపయోగాల్లో ఇదొకటి.

లోపలి ఫోటోలకి వెనక సీటు మధ్యలో కూర్చుని, డోర్లన్నీ తీసి పెట్టి, డాష్‌బోర్డు మొత్తం పడేలా తియ్యాలి. అల్ట్రావైడ్ వాడొచ్చు గానీ, వ్యాగన్ ఆర్ లోపల ఇన్నోవా అంత చోటున్నట్టు కనపడుతుంది. కొనేవాడు వచ్చి కూర్చున్నాక మోకాళ్ళే నిజం చెప్పేస్తాయి. డ్రైవర్ సీటు కుట్లు, స్టీరింగ్ తోలు, పెడల్స్ రబ్బరు దగ్గరగా తియ్యాలి. మీటరు మీద 61,000 ఉంటే పెడల్స్ కూడా 61,000 అన్నట్టే అరిగి ఉండాలి. మీటరు తిప్పేసేవాళ్ళు పెడల్స్ సంగతి మర్చిపోతుంటారు.

రీడింగ్ ఫోటో ఒకటి కాదు, రెండు తియ్యాలి. మొదటిది తాళం ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా. అప్పుడు చెక్ ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ దీపాలు వెలగాలి. రెండోది స్టార్ట్ చేశాక. అప్పుడు అవన్నీ ఆరిపోవాలి. ఒక్క రెండోదే పెడితే, దీపం అవసరం లేక ఆరిందో, అసలు వెలగకుండా ఎవరైనా చేశారో తెలీదు. రెండూ పెడితే అనుమానానికి తావు లేదు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైందని. అయిదు టైర్లవీ (స్టెప్నీతో కలిపి) తియ్యాలి. గాళ్ళ మధ్యలో అరుగుదల గుర్తుగా చిన్న గట్లు ఉంటాయి, 1.6 మి.మీ. ఎత్తున. టైరు వాటిదాకా అరిగిందంటే మార్చాల్సిందే. ఆ గట్టుకీ పై అంచుకీ ఎంత తేడా ఉందో కనపడేలా ఒకటి తీస్తే సగం ఫోన్లు తగ్గుతాయి. బానెట్ కింద తీసేముందు ప్రెజర్ వాటర్ పెట్టి కడిగించొద్దు. మెరిసే ఇంజను చూస్తే తెలిసినవాడు "ఏం కారుతోందో కడిగేశారు" అనే అనుకుంటాడు. డోరు రబ్బరు బీడింగ్ కాస్త లాగితే ఫ్యాక్టరీ వెల్డింగ్ గుండ్రటి చుక్కల్లా వరసగా కనపడుతుంది. యాక్సిడెంటై కొత్త ముక్క అతికించిన చోట ఆ వరస తప్పుతుంది. మాది తప్పలేదు. నాలుగు డోర్ల దగ్గరా తీశాను.

మిగిలింది సొట్ట.

తెల్ల కారు మీద సొట్ట ఫోటోలో పడటం చాలా కష్టం. తిన్నగా నిలబడి తీస్తే అక్కడేమీ లేనట్టే వస్తుంది. నిజాయితీగా తీసినా అబద్ధమే వస్తుందన్నమాట. దానికి పక్కనుంచి, డోరుకి దాదాపు ఆనుకుని, ఏటవాలుగా చూస్తూ తియ్యాలి. అలా చూస్తే పెయింటులో ఎదురింటి కిటికీ ఊచలు ప్రతిఫలిస్తాయి. డోరు బాగున్నచోట ఊచలు తిన్నగా ఉంటాయి, సొట్ట దగ్గర వంగిపోతాయి. టింకరింగ్ వాళ్ళు కూడా పని అయ్యాక ట్యూబులైటు ప్రతిబింబం చూసే సరిచూసుకుంటారు. మా అక్క కూతురి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చి పక్కన పెట్టాను. 11 సెంటీమీటర్లు.

నేను స్కేలు పెట్టి తీస్తుంటే నాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. "అదొక్కటీ తియ్యకపోతే ఏంరా?" అన్నారు. ఆయన ధర గురించి అడగట్లేదని నాకు తెలుసు. ఆ సొట్ట ఆయన కళ్ళ సంగతి. ఇన్నాళ్ళూ మేస్త్రి మీద పెట్టి నెట్టుకొచ్చారు. ఇప్పుడు దాన్ని కొలతలేసి ఊరందరికీ చూపిస్తున్నాం.

బావ నా ఫోన్ తీసుకున్నాడు. "దీనికింత రాద్ధాంతం ఎందుకు మావయ్యగారూ" అంటూ వేలితో సొట్ట చుట్టూ ఓ గుండ్రం గీశాడు. 2021లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మ్యాజిక్ ఇరేజర్ అని మొదలైన ఈ చెరిపే విద్య ఇప్పుడు చాలా ఫోన్లలో ఏదో ఒక పేరుతో ఉంది. రెండు సెకన్లు. సొట్ట లేదు. డోరు షోరూములోంచి అప్పుడే దిగినట్టుంది. అతికినట్టు కూడా లేదు, కిటికీ ఊచల నీడతో సహా తిన్నగా సర్దేసింది.

"బావా, వచ్చి చూసేవాడికి కనపడదా?" అన్నాను.

"వచ్చాక కదా! ముందు రానీ. అంత దూరం వచ్చినవాడు ఓ సొట్ట కోసం వెనక్కి పోతాడా? నువ్వు ముందే చూపిస్తే అసలు ఫోనే చెయ్యడు. అందరూ ఇంతే చేస్తున్నారు. నువ్వొక్కడివీ సత్యహరిశ్చంద్రుడివైతే పోయేది మావయ్యగారి డబ్బులు."

బావ మాటలో బొత్తిగా పస లేదని నేననను. అంత దూరం వచ్చినవాడు నిజంగానే వెనక్కి పోడు. ఛార్జీలు అయ్యాయి, రోజు పోయింది, ఇంట్లో "కారు తెస్తున్నా" అని చెప్పి వచ్చాడు. ఆ ఇబ్బందిలో సరే అనేస్తాడు. కానీ మనం అమ్ముకుంటున్నది అతని ఇబ్బందిని, కారుని కాదు. ఇది నేను అప్పుడు ఇంత స్పష్టంగా అనలేకపోయాను. ఎందుకంటే ఈలోగా నాన్న ఫోన్ అడిగి తీసుకున్నారు.

కళ్ళజోడు పైకి తోసి, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూశారు. ఫోన్ని అటూ ఇటూ వాల్చారు. "సొట్ట ఏదిరా?" అన్నారు. బావ ఏం చేశాడో ఆయన గమనించలేదు. "నాకు కనపట్టం లేదు" అన్నారు, మెల్లగా.

మేమిద్దరం ఏదో చెప్పేలోపే లేచి కారు దగ్గరికి వెళ్ళి అరచేత్తో డోరంతా తడిమారు. సొట్ట దగ్గర చెయ్యి ఆగింది. "ఉందిగా" అన్నారు. ఆ ముక్కలో ఎంత ఊరట ఉందో రాయడం నాకు చేతకాదు. బావ మొహం మాడిపోయింది. "చెరిపేశానండీ, ఊరికే చూపిద్దామని" అన్నాడు.

నాన్న కోప్పడలేదు. "వద్దు బాబూ. ఉన్నది ఉన్నట్టు పెట్టండి" అని లోపలికెళ్ళిపోయారు. కాసేపాగి వచ్చి, సర్వీసు బిల్లుల ఫైలు నా చేతిలో పెట్టారు. 2013 నుంచీ ఒక్కటి పోకుండా గుచ్చి పెట్టారు. దాన్ని కూడా తియ్యమన్నారు.

అన్నట్టు, ఉన్నది ఉన్నట్టు పెట్టడమంటే అన్నీ పెట్టెయ్యడం కాదు. నేను పెట్టుకున్న రూలు ఒకటే. కారు గురించినది చూపించాలి, మన గురించినది దాచాలి. నంబరు ప్లేటులో చివరి అంకెలు మూసేశాను. నిజంగా కొనేవాడు ఫోన్ చేస్తే మొత్తం చెప్పొచ్చు, అతను పరివాహన్‌లో ఇన్సూరెన్సూ, అదీ ఇదీ చూసుకుంటాడు. అద్దం మీది ఫాస్టాగ్ బార్‌కోడ్, అపార్ట్‌మెంట్ ఫ్లాట్ నంబరున్న స్టిక్కరు, ఆర్‌సీ మీది ఛాసిస్ నంబరు, ఇవేవీ ఫోటోలో పడకూడదు. ఫోటో ఫైల్లో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉంటుంది. మీ ఇంటి ముందు తీసుంటే అది మీ ఇంటి అడ్రసే. పెట్టేముందు తీసెయ్యాలి. కారు ముందు ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి కూడా ఓ ఫోటో తీశాను. ఇంకొకరి ఫోటోలు ఎత్తుకొచ్చి "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్సు పంపండి" అనే బాపతు మోసాలు చాలా జరుగుతున్నాయి. కారు నిజంగా మన దగ్గరే ఉందని చెప్పడానికి అది తేలికైన దారి.

మొత్తం 31 ఫోటోలు. 2,35,000 అని పెట్టాం. సొట్ట ఫోటో ఆఖర్న తోసెయ్యకుండా అయిదోది పెట్టాను. కింద రాత కూడా సాదాగానే: "వెనక ఎడమ డోరుకి 11 సెం.మీ. సొట్ట. గేటుకి తగిలింది. లోపల తుప్పు లేదు. బాగుచేయించడానికి మాకు చెప్పిన రేటు 4,500."

బావ చెప్పినట్టే ఫోన్లు తక్కువే వచ్చాయి. పది రోజుల్లో పదకొండు. అందులో ఇద్దరు అడ్వాన్సు పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్న బాపతు. (డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి ఉంచండి.) మిగతావాళ్ళలో ఇద్దరు స్వయంగా వచ్చారు. మొదటాయన చూసుకుని, నడిపి, కారు బాగానే ఉందిగానీ మా ఇంటి సందులో పట్టదేమో అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు. రెండో అతను చీరాల నుంచి. ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాడు, ఇంట్లో మొదటి కారు. భార్యనీ, చిన్న పాపనీ తీసుకుని రైల్లో వచ్చాడు. రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా ఎడమ డోరు దగ్గరికెళ్ళి వంగి చూశాడు.

"ఫోటోలో ఇంతకన్నా పెద్దగా కనపడిందండీ" అన్నాడు.

తరవాత బేరం పది నిమిషాలు కూడా పట్టలేదు. 2,25,000. అతను ఇంజను గురించి అడిగిన ప్రతిదానికీ నాన్న ఫైల్లోంచి కాగితం తీసి చూపించారు. మధ్యలో నాన్నే, "ఆ సొట్ట నేను పెట్టిందేనండీ, అప్పటికే నాకు పక్క చూపు తగ్గింది, తెలీలేదు" అన్నారు. మేస్త్రి ప్రసక్తి రాలేదు. మా అమ్మ లోపల్నుంచి నా వంక చూసింది.

ఆఖరి ఫోటో ఒకటుంది, అది అమ్మడానికి కాదు, అమ్మాక. కారు అప్పజెప్పేటప్పుడు తేదీ, టైము, రీడింగ్ రాసి కొన్నవాడి సంతకం తీసుకున్న కాగితాన్నీ, మీటరునీ ఫోటో తీసుకోవాలి. ఫారం 29, 30 సంతకాలు చేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఒకే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోగా అమ్మినట్టు ఆర్టీఓకి తెలియజెయ్యాల్సింది అమ్మినవాడే. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ కారు ఏదైనా యాక్సిడెంట్ చేస్తే నష్టపరిహారం రికార్డులో ఓనరుగా ఉన్నవాడి మెడకే చుట్టుకుంటుందని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాది పేరు మారిందని మెసేజ్ వచ్చేదాకా నేను రెండు వారాలు అతన్ని ఫోన్లో పీడించాను. పాపం, విసుక్కోలేదు.

బావ ఇప్పటికీ ఆ సొట్ట ఫోటో వల్ల ఓ పదివేలు పోయాయనే అంటాడు. పోయి ఉండొచ్చు కూడా. ఆ లెక్క తేల్చాలంటే అదే కారుని రెండోసారి, సొట్ట చెరిపి అమ్మి చూడాలి, అది కుదరదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. మా కారు కోసం ఇద్దరు మనుషులు రోజు పాడుచేసుకుని వచ్చారు, ఒకతను కొన్నాడు, ఒకాయన కొనలేదు. ఆ ఇద్దర్లో ఒక్కరు కూడా మా గుమ్మంలో నిలబడి "ఫోటోలో ఇలా లేదే" అనలేదు.